తోకలావు

మా అత్తగారు రెండు నెలలకో ఇల్లు మారేది. పెద్దకొడుకు పెద్దింటయ్యగారు కొల్లేటి లంకలో ఉంటారు, మేము ఏలూరులో, మా మరిది నాగదుర్గారావు తాడేపల్లిగూడెంలో. ఆ ఏడాది ఏప్రిల్, మే మా వంతు. "ఎండలన్నీ మనకే వచ్చాయండి" అని మా ఆయనతో అన్నాను కూడా. దాచుకోవడం దేనికి, వంటింటి క్యాలెండర్ మీద మే ముప్పై ఒకటి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది నేనే.

ఆవిడ పేరు పెద్దింటమ్మ. వచ్చేటప్పుడు ఒక చేతిలో వైరుబుట్ట, అందులో నాలుగు చీరలు. ఇంకో చేతిలో గోనెసంచిలో చుట్టిన కత్తిపీట. చేపలు కోసుకునే కత్తిపీట. మావగారు పోయిన దగ్గర్నుంచీ ఆరేళ్ళుగా అది ఆవిడతోపాటు బస్సులెక్కి తిరుగుతూనే ఉంది గానీ, ఏ కోడలమూ దాన్ని గోనెసంచిలోంచి బయటికి తియ్యనివ్వలేదు. "మీరు కూర్చోండత్తయ్యా, నేను చూసుకుంటాను కదా" అనేవాళ్ళం. వినడానికి మర్యాదగానే ఉంటుంది. నా వంటింట్లోకి రావద్దని దాని అర్థం. వడ్డించేటప్పుడు పొట్టముక్కలు మా ఆయనకీ, మా అమ్మాయి పింకీకీ, తలకాయ నాకు. ముళ్ళెక్కువా కండ తక్కువా ఉండే తోకముక్క ఆవిడకి. ఆవిడ ఏనాడూ ఏమీ అనలేదు.

ఆ ఎండాకాలం అసలు గొడవ చెరువు గురించి. లంకలో మాకు ఆరెకరాల చేపల చెరువుంది. ముగ్గురన్నదమ్ములదీ ఒకటే చెరువు. పెద్దాయన దగ్గరుండి చూసుకుంటారు. గూడెంలో చేపల మేతలూ మందులూ అమ్మే మా మరిదికి ఆయన చూసుకునే తీరు నచ్చదు. ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైన మా ఆయన సత్తిబాబుకి ఇద్దరి తీరూ నచ్చదు. ఏ చేపపిల్ల వెయ్యాలి, ఏ మేత తేవాలి, తూము తాళంచెవి ఒక్కడి మొలతాడుకే ఎందుకు వేలాడాలి అని మార్చిలో చేపల పట్టుబడి అయ్యీ అవగానే అరుచుకున్నారు. చివరికి చెరువు ఎండబెట్టి, మధ్యలో రెండు గట్లు పోసి, మూడు ముక్కలు చేసుకోవాలని తేల్చారు. మే ఇరవయ్యో తారీఖుకి పొక్లెయిన్ మాట్లాడారు.

మా అత్తగారిని ఎవరూ అడగలేదు. ఆ చెరువు ఆవిడా మావగారూ తట్టలతో మట్టి మోసి తవ్వుకున్నది. మా ఇంటికి వచ్చిన నాలుగో రోజున, నేను బియ్యం ఏరుకుంటుంటే పక్కన కూర్చుని ఒకే మాట అంది.

"చెరువొకటిగా ఉంది గనక ముగ్గురూ నన్ను పంచుకుంటన్నారే అమ్మాయ్. రేపు ఎవరి ముక్క వాడిదైపోయాక నేనెవరి ముక్కలోదాన్ని?"

నేను బియ్యంలోకి చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే దానికి జవాబు నాకు తెలుసు. పెద్దాసుపత్రి ఏలూరులో ఉంది గనక ఆవిడ మా ముక్కలోకే వస్తుంది. అప్పుడిక క్యాలెండర్ మీద సున్నాలుండవు. నా భయం నాది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పింకీ ఏడుస్తూ ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి పూర్తయి పదిలోకి వస్తున్న పిల్లలకి వాళ్ళ స్కూల్లో వేసవి సెలవుల్లో మాక్ యునైటెడ్ నేషన్స్ అని ఒక పోటీ పెట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో దేశం తరఫున నిలబడి మాట్లాడాలి. దేశాల పేర్లు చీటీలు వేశారు. పక్కింటి శ్రీకర్‌కి అమెరికా వచ్చింది.

"నాకు టోకెలావ్ వచ్చిందమ్మా! అది దేశం కూడా కాదంట. చీటీలు చాలక మేడమ్ ఇంకేదో లిస్టులోంచి తీశారంట!"

మంచం మీద నడుం వాల్చిన మా అత్తగారు లేచి కూర్చుంది. "ఏం వచ్చిందే? తోకలావా? ఏం చేపే అది, నేనెప్పుడూ వినలేదు?"

"చేప కాదు మామ్మా, దీవులు! సముద్రం మధ్యలో మూడు దీవులు."

"లంకలా?"

"ఆ... లంకలే. అటాఫు, నుకునోను, ఫకావోఫో. ఒక్కోదాని మధ్యలో చెరువులాగా నీళ్ళుంటాయి, చుట్టూ సన్నగా నేల."

"మరి దీనికి ఏడుపెందుకే? మనలాంటోళ్ళే!" అంది మా అత్తగారు.

అంతే, ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ ఒకటైపోయారు. పింకీ ఫోన్లో చూసి చదవడం, ఆవిడ అడగడం. మంచినీళ్ళెక్కడివి? వాన నీళ్ళు పట్టుకుంటారంట. బస్సుందా? విమానం కూడా లేదు, సమోవా నుంచి ఓడలో ఒక రోజు పైన ప్రయాణం. ఎంతమంది? పదిహేను వందల చిల్లర. పెత్తనమెవరిది? న్యూజిలాండ్ వాళ్ళ కింద ఉన్నారు, ఊళ్ళ సంగతులు మాత్రం ఊళ్ళో పెద్దలే చూసుకుంటారు. పూర్వం పెరూ నుంచి ఓడలొచ్చి మనుషుల్ని పనికోసం ఎత్తుకుపోయారు, లంకలు సగానికి సగం ఖాళీ అయిపోయాయి. అది విన్న పూట ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. మొన్న మొన్న జరిగినట్టు, "ఆ తల్లులేమైపోయారో" అంటూ తిరిగింది.

"మరి పెద్ద ఆఫీసు ఏ లంకలో ఉంటాదే?"

"అదే మామ్మా విచిత్రం. వాళ్ళకి రాజధాని లేదు. ఒక ఏడాది ఈ లంక పెద్దే మొత్తానికి పెద్ద, పైయేడు ఇంకో లంక పెద్ద. ఆఫీసు కూడా అలా తిరుగుతూనే ఉంటుంది."

ఆ ముక్క ఆవిడ మళ్ళీ ఒకసారి చదివించుకుంది. కూరలో నేను ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తున్నాను గనక అప్పుడు నేనేమీ పట్టించుకోలేదు.

మే మొదటి వారంలో లంక నుంచి బావగారి ఫోనొచ్చింది. నా చేతులకి పిండి. స్పీకరు నొక్కి మా అత్తగారి ముందు పెట్టాను.

"ఏం చేస్తన్నావే అమ్మా?"

"ఏముందిరా, పింకీకి తోకలావు వచ్చింది. దాని సంగతే చూస్తన్నాం."

కొల్లేటి మనిషికి కొత్తరకం చేప పేరు వినబడితే ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరూపేరూ లేని చేపలన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి మా చెరువుల్లో పడ్డాయి, ముందు వేసినవాళ్ళు మేడలు కట్టారు.

"తోకలావా? ఎక్కడిదే అది?" బావగారి గొంతు తగ్గింది.

ఆవిడ ఫోన్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"సముద్రంలోదిరా. ఓడెక్కి రోజు పైన పోవాలంట."

"ఎవరి దగ్గరుంది?"

"న్యూజిలాండోళ్ళ కింద ఉందంట."

"ఎంతుంటాది?"

"పదిహేను వందల చిల్లర."

"కేజిన్నర పైమాటే!" అని బావగారు పక్కన ఎవరితోనో అనడం మాకు వినబడింది. నేను నోరు తెరవబోయాను. మా అత్తగారు చేతికి తగిలిన పప్పుగుత్తి ఎత్తి నాకు చూపించింది. మూసుకున్నాను.

"మరి మేతేంటంట?"

"అంతా ఎండతోనే నడుస్తాదంట. పైన పలకలు పెట్టుకుంటారంట, అంతే."

"తవుడు?"

"తవుడు మాట ఎక్కడా రాలేదురా."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది. తర్వాత బావగారు గుక్క తిప్పుకుని అడిగారు. "మరి మన చెరువులో బతుకుద్దా? అదే, గట్లు పోశాక?"

"వేరు చేద్దామని రెండుసార్లు చూశారంట. కుదర్లేదంట. ఒక్కటిగా ఉంటేనే బతుకుద్ది."

ఫోన్ పెట్టేశాక నేను లెక్క చూసుకున్నాను. ఓడ నిజం, న్యూజిలాండ్ నిజం, పదిహేను వందల జనం నిజం, కరెంటంతా ఇంచుమించు ఎండ పలకలతోనే అన్నది నిజం. న్యూజిలాండ్ కింద నుంచి బయటపడి సొంత పాలన పెట్టుకుందామా అని రెండుసార్లు ఓట్లు పెట్టడం నిజం, మూడింట రెండొంతులు కావాల్సి ఉండగా రెండోసారి పదహారు ఓట్లు తగ్గడం కూడా నిజం. ఒక్కటిగా ఉంటేనే బతుకుద్దన్న ముక్క ఒక్కటే పింకీ చదివినదాంట్లో లేదు.

"అబద్ధం కాదూ అత్తయ్యా?" అన్నాను.

"ఏది? నేను చేపన్నానా?"

రెండు రోజుల్లో మా మరిది షాపు ముందు ఫ్లెక్సీ లేచింది. ఎవరో వాట్సాప్‌లో పంపారు. 'త్వరలో! మేత అక్కర్లేని తోకలావు సీడ్' అని, పక్కన చేప బొమ్మ. పాపం, బొమ్మకెక్కడ దొరుకుతుంది? మామూలు బొచ్చెచేప బొమ్మకే తోక సాగదీసి వేయించాడు. నాలుగో రోజున గణపవరం నుంచి అచ్యుతరావుగారని ఒక పెద్ద రైతు సపోటాల బుట్టతో మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏవండీ, పింకీగారంటే మీరేనాండీ? ఒక్క రెండువేల పిల్ల మాకు కూడా ఇప్పించాలండి" అన్నారు.

పింకీ లోపలికి పారిపోయి మంచం మీద పడి నవ్వింది. సపోటాలు బాగున్నాయి.

అన్నిటికన్నా వింత మా ఆయన. పింకీ ఏ క్లాసని అడిగితే వేళ్ళు లెక్కపెట్టుకునే మనిషి. కూతురు రోజూ ముందుగదిలో నిలబడి గొంతు చించుకుంటున్నా చెవినేసుకోలేదు. అన్న ఫోన్ చేసి చెబితే, ఐసు ఫ్యాక్టరీ నుంచి మధ్యాహ్నమే వచ్చేసి నీళ్ళడ్రమ్ము మూత తీసి చూశాడు, ఫ్రిజ్ చూశాడు, దొడ్లో తొట్టి చూశాడు.

"మనింట్లోనే ఉందంట కదే తోకలావు. నాక్కూడా చెప్పవా? ఎక్కడ పెట్టారు?"

"ఇరవై ఎనిమిదో తారీఖున స్కూల్లో చూపిస్తారంటండి" అన్నాను. అది కూడా నిజమే.

పొక్లెయిన్ వద్దని బావగారే కబురు చేశారు. పొక్లెయిన్ వాడు ఇంకో పనికి ఒప్పుకుని వెళ్ళిపోయాడు. ముగ్గురన్నదమ్ములూ మార్చి తర్వాత మొదటిసారి ఒకే గట్టు మీద నిలబడి, ఎండిన చెరువు అడుగుకి సున్నం చల్లించారట. తోడికోడలు మణెమ్మక్క ఫోన్ చేసి, "ఏం చేపో గానీ వీరలక్ష్మీ, కలిసి టీ తాగుతున్నారే" అంది.

ఇరవై ఎనిమిదిన స్కూలు హాలుకి అందరూ వచ్చారు. శ్రీకర్ కోటు వేసుకున్నాడు. మా మరిది చేపపిల్లని తీసుకెళ్ళే నీలం డ్రమ్ముతో వచ్చాడు, ఆక్సిజన్ పట్టే కవర్లు చంకలో పెట్టుకుని. వాచ్‌మన్ ఆపితే "సీడ్ కోసమండి" అన్నాడు. వాడికేం అర్థమైందో, వదిలేశాడు. అన్నదమ్ములు ముగ్గురూ మూడో వరసలో డ్రమ్ము కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

పింకీ ఇంగ్లీషులో మాట్లాడింది. టోకెలావ్ అన్నప్పుడల్లా ముగ్గురూ తలలాడించారు. అయిపోయాక జడ్జి భీమశంకరంగారు, రిటైరైన సివిక్స్ లెక్చరర్, చెయ్యెత్తారు.

"బట్టీ పట్టడం వేరు, తెలియడం వేరమ్మా. ఇప్పుడు చెప్పిందంతా తెలుగులో చెప్పు."

పింకీ చెప్పింది. మూడు లంకలు. పదిహేను వందల మంది. ఎండ పలకల కరెంటు. ఓట్లు. నేను వెనక్కి తిరిగి మూడో వరస వైపు చూడలేదు, చూసే ధైర్యం లేక. పింకీ ఇంకా చెబుతోంది. ఊరంతా కలిసి వేటకు వెళ్ళిన రోజున పడ్డ చేపనంతా ఒడ్డున కుప్ప పోస్తారట. దాన్ని ఇనాటి అంటారట. ఎవరు పట్టారన్నది లెక్క కాదు. ఇంట్లో ఎందరుంటే అందరికీ వాటా పడుతుంది, వేటకు వెళ్ళలేని ముసలివాళ్ళకి కూడా.

"బాగుంది. కానీ ఏడాదికో చోటు మారే ప్రభుత్వం ఒక ప్రభుత్వమేనా? నిలకడ లేని పద్ధతి కదా ఇది? దీన్ని నువ్వెలా సమర్థిస్తావు?" అన్నారు భీమశంకరంగారు.

పింకీ తడబడింది. కాగితం తిరగేసింది. అందులో దానికి జవాబు లేదు.

మా అత్తగారు నా పక్క కుర్చీలోంచి లేచింది. నేను కొంగు పట్టుకున్నాను గానీ ఆగలేదు.

"బాబూ, నేను చదువుకోలేదండి. నేనూ రెండు నెలలకో ఊరు మారతానండి. తిరగడంలో తప్పేం లేదండి. వాళ్ళకాడ తిరిగేది పెత్తనం. మా ఇంట్లో తిరిగేది నేను. అంతే తేడా."

అని కూర్చుంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక మూడో వరసలో ఏదో కిర్రుమంది. మా ఆయన డ్రమ్ము మూత తీసి లోపలికి చూస్తున్నాడు. ఖాళీ డ్రమ్ము. అయినా చాలాసేపు అలాగే చూశాడు.

మొదటి బహుమతి అమెరికాకే వచ్చింది. పింకీకి రెండోది.

బయట చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. చివరికి మా మరిదే అన్నాడు.

"చేపన్నావు కదే అమ్మా."

"ఎప్పుడన్నానురా?"

"ఎండతో నడుస్తాదన్నావు!"

"కరెంటు."

"కేజిన్నర?"

"మనుషులు. పదిహేను వందల మంది."

"మరి నా ఫ్లెక్సీ?"

"మడిచి పెట్టుకో. వానాకాలం దొడ్లో కట్టెల మీద కప్పొచ్చు."

బావగారు మాత్రం ఏమీ అడగలేదు. కాలవకి నీళ్ళు ఇంకో నాలుగు రోజుల్లో వదులుతారు, పొక్లెయినేమో జూన్ పది దాటితే గాని దొరకదు. అంటే గట్లు పడేలోపే నీళ్ళు నిండిపోతాయి, ఈ ఏటికి చెరువు ఒకటే. ఆ సంగతి అందరికన్నా ముందు ఆయనకే తెలిసినట్టుంది. రసం గ్లాసు కింద పెట్టి, పంచె పక్కకి జరిపి, మొలతాడుకున్న తూము తాళంచెవి ముడి విప్పారు. ఆరేళ్ళ ముడి, తేలిగ్గా రాలేదు. పళ్ళతో కొరికి తీశారు.

"ఇది నీకాడుంచుకోవే అమ్మా. నువ్వెక్కడుంటే అక్కడే ఉంటాది."

"రెండు నెలలు కాదురా, ఏడాది. వాళ్ళకి ఏడాదంట" అంది ఆవిడ, తాళంచెవి కొంగున కట్టుకుంటూ.

మే ముప్పై ఒకటిన పొద్దున్నే మా మరిది కారేసుకుని వచ్చాడు. ఎప్పుడూ బస్సెక్కించి పంపమనే మనిషి. "రాజధాని గూడేనికి మార్చాలొదినా, మా వంతు" అన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏడాది లెక్క ఏప్రిల్‌లో మొదలైంది. మార్చి దాకా ఏలూరే" అన్నాను.

తాళంచెవి మీద ఆశ అనుకుంటే అనుకోండి, కొంత అదే. అంతా అదే కాదు. అతను కాఫీ తాగి వెళ్ళిపోయాక మా అత్తగారు వంటింట్లోకొచ్చి క్యాలెండర్ ముందు ఆగింది.

"ఈ సున్నా నేనొచ్చిన రోజే చూశానే అమ్మాయ్. చదువు రాదు గానీ సున్నా తెలుసు."

భూమిలోకి పోతే బాగుండుననిపించింది. క్యాలెండర్ కాగితం చించేశాను. ఆవిడ ఆ కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కదిలే గ్యాస్‌పొయ్యి కాలు కింద దూర్చింది.

శీలావతీ బొచ్చే వేశాం. ఎప్పటి చేపలే. మళ్ళీ ఎండలు ముదిరేలోగా ఫిబ్రవరిలో పట్టుబడికి రాజధానిని కారులో లంకకి తీసుకెళ్ళాం. ఆ చెరువుకి తోకలావు చెరువని పేరు స్థిరపడిపోయింది, ఐసు లారీ డ్రైవర్లు కూడా అలాగే అడిగి వస్తున్నారు. లారీలు వెళ్ళిపోయాక ఇంటికోసం ఉంచుకున్న చేప గట్టు మీద పోశారు. ఎప్పుడూ మూడు కుప్పలు. ఆ రోజు బావగారు, ఎవరూ చెప్పకుండానే, నాలుగు వేశారు.

మా అత్తగారు నాలుగో కుప్ప ముందు గోనెసంచి విప్పి, కత్తిపీట నేల మీద పెట్టి కూర్చుంది. మేము ముగ్గురు కోడళ్ళం చూస్తూ నిలబడ్డాం. ఆరేళ్ళు వాడని కత్తి, తుప్పుపట్టి ఉంటుందనుకున్నాను. తళతళలాడుతోంది. ఎవరింట్లో, ఎప్పుడు నూరుకుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

గట్టు మీద కాపలా పాకలో పొయ్యి వెలిగించి పులుసు పెట్టింది. "నా వాటా. నేను పెడతాను, మీరు కూర్చోండి" అంది. మా మాటే మాకు చెప్పింది. వరసగా కూర్చున్నాం. మొదట నా కంచం దగ్గరికే వచ్చింది. నాకేం పడుతుందో నాకు తెలుసు, పడాల్సింది కూడా అదే. కంచం ముందుకి జరిపి తలొంచుకున్నాను.

పొట్టముక్క పడింది. పక్కన ఇంకోటి.

"అత్తయ్యా," అన్నాను. "నాకు తోకముక్క వెయ్యండి."

"అది నాకుంచవే," అంది ఆవిడ, గరిటె పక్కకి తిప్పి. "ఆరేళ్ళ అలవాటు. అయినా ఇయ్యేళ లావుగానే ఉందిలే."